ఏడో నంబరు పెట్టె

బుధవారం పొద్దున గేటు తీసేసరికి గుడి మెట్ల మీద మూడు టీవీలు కూర్చుని ఉన్నాయి. ఎవరు పెట్టిపోయారో తెలీదు. ఇచ్చేవాళ్లు పేరు రాయించి ఇవ్వాలని ఆదివారం పాస్టరు గారు వేదిక మీంచి రెండుసార్లు చెప్పారు గాని, అటక మీది చెత్త వదిలించుకునేటప్పుడు పేరు చెప్పుకోవాలని ఎవరికి ఉంటుంది? పాడైన కరెంటు సామాన్లు నేలనీ నీళ్లనీ విషం చేస్తున్నాయని, వాటిని పోగుచేసి సరైన చోటికి పంపడం కూడా దేవుడి పనేనని ఆయన చేసిన ప్రసంగం మాత్రం అందరికీ బాగానే ఎక్కింది. మధ్యాహ్నానికల్లా హాల్లో సగం బెంచీలు గోడవారకి జరపాల్సి వచ్చింది. సోమవారం లారీ వచ్చేదాకా ఈ సంత ఇలాగే ఉంటుంది.

పనంతా మెకానిక్కమ్మ నెత్తిన పడింది. బజారులో టీవీలు, మిక్సీలు బాగుచేసే షాపు ఆమెది. సంఘంలో స్క్రూడ్రైవరు తిన్నగా పట్టుకోగలిగిన మనిషి ఆమె ఒక్కతే. గుడి ఆంప్లిఫయరుకి జ్వరం వచ్చినా, మైకుకి గొంతు పోయినా ఆమెకే కబురు. ఇప్పుడు హాలు మధ్యలో రెండు బల్లలు కలిపి, పాత దుప్పటి పరిచి, కూర్చుంది. ఫోను చేతికి రాగానే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబెరికి, దాని రెండు మొనలకీ టేపు చుట్టి ఇసుక బకెట్లో వేస్తుంది. లోపల ఫొటోలు ఉంటే ఇచ్చినవాళ్ల ముందే చెరిపేస్తుంది. కంప్యూటరైతే డిస్కు బయటికి తీసి డ్రిల్లుతో బెజ్జం వేస్తుంది. "మీ ఇంటి గుట్టు మా గుమ్మం దాటదు" అని పాస్టరు గారు మాటిచ్చారు కాబట్టి ఆ మాట నిలబెట్టే పని కూడా ఆమెదే అయింది.

భోజనాలయ్యాక సెక్రటరీ గారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఏ కాగితమైనా మూడు కాపీలు తీస్తే గాని నిద్రపట్టని మనిషి. చేతిలో అట్ట ఉంది, అట్ట మీద జాబితా ఉంది.

"వేదిక కింద అలమరాలో పాత పెట్టెల మిషన్ ఉంది కదమ్మా, అది కూడా పీకేయండి. లారీలో పోతుంది," అన్నారు.

మంచం పట్టి గుడికి రాలేనివాళ్ల కోసం ఐదేళ్ల కిందట సంఘం పన్నెండు పెట్టెలు కొని ఇచ్చింది. ఇటుకంత పెట్టె, దానికి ఒక మీట, లోపల సంఘం పేరు మీద తీసుకున్న సిమ్ము. మీట నొక్కితే ఈ మిషన్ ద్వారా ఇక్కడి ఆరాధన అక్కడ వినిపిస్తుంది. వినడమే గాని తిరిగి మాట్లాడటానికి లేదు. తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు, పెట్టెలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పొద్దున్నే వాటిని దుమ్ముదులిపి బల్ల చివర వరసగా పేర్చింది ఆమె. పదకొండు ఉన్నాయి.

మెకానిక్కమ్మ వేదిక కింద మోకాళ్ల మీద కూర్చుని అలమరా తలుపు లాగింది. మిషన్ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వెంటనే తీసేసింది.

"ఏమైంది?" అన్నారు సెక్రటరీ గారు.

"వెచ్చగా ఉందండి."

పిల్లి పడుకుని అప్పుడే లేచిపోయిన చోటులా ఉంది ఆ వెచ్చదనం. గుడి గంటని కరెంటు గంటగా మార్చినప్పుడు వేసిన లైనుకే దీన్నీ తగిలించారు. ఆ లైను ఎప్పుడూ ఆపరు. మిషన్ ముఖాన పన్నెండు చిన్న దీపాలు, కింద అంకెలు. పదకొండు దీపాలు చీకటిగా ఉన్నాయి. ఏడోది పచ్చగా వెలుగుతోంది.

"వెలిగితే ఏమిటి అర్థం?"

"ఆ నంబరు పెట్టె ఎక్కడో ఆన్ చేసి ఉందని. ఎవరో వింటున్నారని."

సెక్రటరీ గారు అట్ట మీద వేలు జార్చుకుంటూ ఏడో వరస దగ్గర ఆగారు.

"టైపిస్టమ్మ గారు," అన్నారు చివరికి. "ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. శవపెట్టె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి."

ఇద్దరూ ఆ పచ్చ దీపాన్ని చూస్తూ ఉండిపోయారు. తర్వాత మాట్లాడుకున్నదంతా గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు. ఎందుకు తగ్గించారో ఇద్దరిలో ఎవర్నడిగినా చెప్పలేరు.

దీపం చెడిపోయి ఉంటుందని ఆయన అన్నారు. ఆమె ఏడో దీపం తీగని మూడో దీపానికి మార్చి చూసింది. మూడోది వెలిగింది. అంటే దీపాల తప్పు కాదు. హెడ్‌ఫోను తెచ్చి మిషన్‌కి తగిలించి చెవులకి పెట్టుకుంది. పాటలవాళ్ల కోసం పైకప్పు నుంచి వేలాడదీసిన మైకు ఒకటి ఉంది హాలు మధ్యలో. మిషన్‌కి వెళ్లేది దాని తీగే. అది ఏనాడూ ఆపలేదు. హాలంతా ఆమె చెవుల్లోకి వచ్చేసింది. పావురం రెక్క సర్దుకోవడం, గోడవారన బెంచీ విరుచుకోవడం, సెక్రటరీ గారి పెన్ను కాగితం మీద గీరుకోవడం. అన్నీ ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తున్నాయి.

"పెన్ను రాసే చప్పుడు కూడా వస్తోందండి," అంది.

పెదవులు మూసుకున్నాక మళ్లీ అదే మాట, అదే గొంతుతో, చెవిలో ఇంకెవరో అన్నట్టు వినిపించింది. చటుక్కున హెడ్‌ఫోను తీసేసింది.

సెక్రటరీ గారు తల పైకెత్తి మైకుని చూశారు. తర్వాత దాని కింద నేల వైపు చూశారు. నెలకోసారి కమిటీవాళ్లు కుర్చీలు వేసుకునేది సరిగ్గా అక్కడే. తలుపులేసుకుని, ఒకటికి రెండుసార్లు గడియ చూసుకుని మరీ మాట్లాడుకుంటారు. ఆయన మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం ఆమె చూసింది. తన మొహం ఎలా ఉందో ఆమెకి తెలియలేదు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. ఇద్దరూ ఆ పేరు ఎత్తలేదు.

గురువారం గుడిలో ఒక తమాషా మొదలైంది. ఎవరికీ చెప్పొద్దనుకున్న సంగతి కాబట్టి పొద్దున పదింటికల్లా అందరికీ తెలిసిపోయింది. సామాన్లు మోయడానికి వచ్చినవాళ్లు కాలి వేళ్ల మీద నడుస్తున్నారు. తలుపు దగ్గర పేర్లు రాసుకునే ఆమె, వచ్చినవాళ్లతో సైగలతో మాట్లాడుతోంది. కమిటీలో ఉన్న ఇద్దరు పెద్దలైతే కాగితం ముక్కల మీద రాసి ఒకరికొకరు అందించుకున్నారు. చదివాక చించి జేబులో వేసుకున్నారు. పాస్టరు గారు వచ్చి ఏడాదే అయింది. పాత సంగతులేవీ తెలియని మనిషి. ఆయన సాయంత్రం ఆరింటికి వేదిక ముందు నిలబడి, వెళ్లిపోయినవాళ్లకి దేవుడు నెమ్మది ఇచ్చాడని గట్టిగా వాక్యం చదివారు. దీపం కదలకుండా విన్నది.

మెకానిక్కమ్మ భయానికి లొంగే మనిషి కాదు. షాపులో టీవీ గొట్టాల మీద చెయ్యి పెట్టి కరెంటు దెబ్బలు తిన్న ప్రాణం. పనిచేస్తూనే ఒక కన్ను అలమరా మీద వేసి ఉంచింది. దీపం ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో అట్టముక్క మీద రాసుకుంది. పొద్దున ఆరింటికి హాలు తాళం తీసినప్పుడు వెలుగుతోంది. తొమ్మిదిన్నరకి ఆరింది. పగలంతా చీకటి. సాయంత్రం అయిదున్నరకి మళ్లీ వెలిగింది. నిన్న మధ్యాహ్నం ఎందుకు వెలిగిందో మాత్రం లెక్క కుదరలేదు. ఎవరికైనా బుధవారం సెలవేమో. చచ్చిపోయినవాళ్లు తొమ్మిదిన్నరకి డ్యూటీకి వెళ్లరు కదా అనుకుంది. అలా అనుకున్నాక ధైర్యం రావాలి. కానీ ఎక్కువ దిగులేసింది.

"చూశారా," అని అట్టముక్క సెక్రటరీ గారికి చూపించింది. ఆయన ఆమెని వరండాలోకి లాక్కుపోయారు. అక్కడైతే మైకు అందదు.

"తీగ పీకేయండి. గోనెసంచిలో పడేద్దాం. సోమవారం లారీ ఎక్కుతుంది, గొడవ వదిలిపోతుంది."

"పీకేస్తే అవతల ఎవరో తెలీదు కదండీ."

"తెలియకపోతేనే మంచిది."

"మరి గంటమ్మ సంగతి?"

ఎవరూ ఎత్తని పేరు చివరికి ఆమె నోటే వచ్చింది. గుడి ఊడ్చి, గంట కొట్టి, దీపాలు తుడిచిన మనిషి గంటమ్మ. కమిటీలో అన్న మాటలు బయటికి పొక్కుతున్నాయని, కీబోర్డు వాయించే అమ్మాయికి మూర్ఛ ఉందన్న సంగతి అలాగే బయటపడి పెళ్లి తప్పిపోయిందని రెండున్నరేళ్ల కిందట పెద్ద రభస అయింది. మాటలు మోసింది గంటమ్మేనని తేల్చారు. పని తీసేశారు, ప్రభువు బల్ల రొట్టెకీ ద్రాక్షరసానికీ దూరం పెట్టారు, సంఘం పుస్తకంలో పేరు కొట్టేశారు. కమిటీ కూర్చున్నప్పుడు ఆమె వేదిక తెర వెనక ఉండగా చూసిన సాక్షి ఒక్కరే.

"ఆ రోజు నేను చూసింది ఆమె మైనం గీకుతుంటే," అంది మెకానిక్కమ్మ. "తెర వెనక కూర్చుని, చాకుతో నేల మీది కొవ్వొత్తుల మైనం గీకుతోంది. 'వింటూనే ఉంది కదమ్మా' అని మీరడిగారు. నేను ఆఁ అన్నాను."

"మీరు ఆఁ అన్నారు గనకే కదా రాసుకున్నాం," అన్నారు సెక్రటరీ గారు. తర్వాత కొంచెం మెత్తబడి, "అయినా ఒకటి ఆలోచించండి. ఆమె వెళ్లింది, మాటలు పొక్కడం ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క ముక్క బయటికి పోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నారు.

రెండున్నరేళ్లుగా తనకి తాను చెప్పుకుంటున్న మాట కూడా అదే.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి సామాన్లు మోసేవాళ్లు వెళ్లిపోయారు. తాళం తనే వేస్తానని చెప్పి మెకానిక్కమ్మ హాల్లో ఉండిపోయింది. కిటికీల్లోంచి ఇంకా వెలుతురు వస్తోంది. గోడవారన పేర్చిన టీవీల అద్దాల్లో ఆమె ఇటు కదిలితే ముప్ఫైమంది కదులుతున్నారు. అటు చూడకుండా మైకు కిందికి వెళ్లి నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే అలమరా తలుపు సందులో పచ్చ చుక్క కనిపిస్తుంది.

ఏమని పిలవాలో తోచలేదు. గాలిలోకి మాట్లాడటం సిగ్గుగా ఉంది.

"ఏడో నంబరు," అంది చివరికి. "వింటున్నది ఎవరైనా సరే. నా మాట వినపడితే ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి."

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత దీపం ఆరింది.

ఆమె లోపల లెక్కపెట్టుకుంటూ పోయింది. పదకొండు అనుకునేసరికి దీపం వెలిగింది.

అడిగింది తనే, జవాబు వచ్చింది. అయినా బెంచీ అంచు పట్టుకుంది. ఇన్నాళ్లూ ఎవరో ఉన్నారన్నది ఒక లెక్క. ఇప్పుడు ఉన్నారు, ఆమెని వింటున్నారు, ఆమె తర్వాత ఏమంటుందో అని చూస్తున్నారు.

"మీరు టైపిస్టమ్మ గారి చుట్టాలా? అవునంటే ఆపి పెట్టండి."

దీపం కదల్లేదు.

"నేనెవరో మీకు తెలుసా?"

ఆరింది. వెలిగింది. ఈసారి లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు.

"ఇక్కడ మాట్లాడుకున్నవన్నీ విన్నారా? చాలాకాలం నుంచి?"

ఆరింది. వెలిగింది.

ఆ ఆంప్లిఫయరు బాగుచేయడానికి ఎన్నిసార్లు ఒంటరిగా వచ్చిందో, పనిచేస్తూ తనలో తను ఏమేం గొణుక్కుందో అన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి.

"నా మీద కోపమా?"

దీపం వెలుగుతూనే ఉంది. ఆమె చూస్తూ నిలబడింది. కిటికీలో వెలుతురు తగ్గింది. పావురాలు సర్దుకున్నాయి. ఆరలేదు. కోపం లేదని అర్థమో, ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వదలుచుకోలేదని అర్థమో తెలియలేదు. తాళం వేసి ఇంటికి వెళ్లేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద కూరగాయల సంచులతో వెళ్లే మనుషులు తప్ప ఎవరూ లేరు.

శనివారం పొద్దున ఏడింటికే టైపిస్టమ్మ గారు ఉన్న ఇంటికి వెళ్లింది. ఇప్పుడక్కడ ఎవరో కొత్త దంపతులు అద్దెకున్నారు. ఇంటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ కిందికి వంగి జవాబు చెప్పింది.

"ఆవిడ సామాన్లా? మేనల్లుడు వచ్చి అన్నీ అమ్మేసి పోయాడమ్మా. చివరి మూడు నెలలూ ఆవిడకి సేవ చేసిన మనిషి ఒకామె ఉండేది. ఏమైనా తీసుకోమంటే ఒక చిన్న పెట్టె మాత్రం తీసుకుంది. రేడియో అనుకుంటా."

"ఎవరామె?"

"మీ గుడి మనిషే కదా. గంట కొట్టేది. మీకు తెలీదా?"

మెకానిక్కమ్మ గేటు పట్టుకుంది. ఇంటావిడ పైనుంచి మంచినీళ్లు కావాలా అని అడిగింది.

గంటమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తోంది. ఆమె గది ఆ లాండ్రీ వెనక సందులోనే. తలుపు తీసే ఉంది. లోపల మంచం, కుర్చీ, గోడకి ఒక చెక్క. చెక్క మీద ఉతికిన గుడ్డ కప్పిన చిన్న పెట్టె. గుడ్డ కిందనుంచి సన్నగా చప్పుడు వస్తోంది. ఎవరో టేపు చింపుతున్నారు, ఎవరో దగ్గుతున్నారు, "ఆ సంచి ఇటు తేరా" అంటున్నారు. గుడి హాలు. తను ఇప్పుడు అక్కడ లేదు, అయినా హాలు ఈ గదిలో కూర్చుని పనిచేసుకుంటోంది.

గంటమ్మ దుప్పటి మడతపెడుతూ తల ఎత్తింది. మనిషి చిక్కింది. చేతులు సోడా నీళ్లకి తెల్లగా పగిలి ఉన్నాయి.

"రా. నిన్నే వస్తావనుకున్నా," అంది. "ఆ కొస పట్టుకో."

మెకానిక్కమ్మ దుప్పటి కొస పట్టుకుంది. ఇద్దరూ దూరం జరిగి లాగి, దగ్గరికొచ్చి మడిచారు. ఇంకో దుప్పటి తీశారు. మాట్లాడటం కంటే అది తేలిక.

"నువ్వేనా అక్కా మాటలు చెప్పింది?"

"టైపిస్టమ్మ గారు. పాపం ఆవిడకేం కాలక్షేపం చెప్పు? ఆరాధన అయ్యాక కూడా పెట్టె ఆపేది కాదు. మీ మీటింగులన్నీ వినేది. చూడ్డానికి ఎవరొస్తే వాళ్లకి చెప్పేది. కీబోర్డు పిల్ల సంగతి కూడా ఆవిడ నోటే పోయింది."

"నీకు తెలుసా అప్పుడు?"

"నన్ను వెళ్లగొట్టాక తెలిసింది. ఆవిడ దగ్గరికి వెళ్తే చేతులు పట్టుకుని ఏడ్చింది. నన్ను తీసేసిన మీటింగు మొత్తం మంచం మీద పడుకుని విన్నదట. నా వల్లే అయింది, పాస్టరు గారికి చెప్తాను అంది. నేనే వద్దన్నా."

"ఎందుకక్కా?"

"చెప్తే పెట్టె తీసేసుకుంటారు. లేవలేని మనిషి. ఆవిడకి ఆ పెట్టే గుడి." గంటమ్మ దుప్పటి మడత మీద అరచెయ్యి గట్టిగా రాసింది. "ఆ రోజు నుంచి ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. పోయే ముందు నాకిచ్చింది. తర్వాత నాకూ ఆ పెట్టే గుడి అయింది."

మెకానిక్కమ్మ చేతిలో దుప్పటి కొస జారింది. గంటమ్మ వంగి తీసి మళ్లీ ఆమె చేతికిచ్చింది.

"ఇంకెవరికైనా చెప్పొచ్చు కదా. ఆవిడ పోయాక."

"ఎవరు నమ్ముతారు? పైగా నువ్వు చెప్తావని చూస్తున్నా." ఆ గొంతులో నిష్ఠూరం లేదు, దానికే మెకానిక్కమ్మకి ఎక్కువ భయమేసింది. "పోయిన క్రిస్మసుకి ముందు ఆంప్లిఫయరు విప్పుకుని కూర్చుని, ఆమె మైనమే గీకుతోంది, నేను అబద్ధం ఆడాను దేవుడా అన్నావు. అంతకుముందు వానాకాలంలో ఒకసారి అన్నావు. మొత్తం నాలుగుసార్లు. ప్రతి ఆదివారం సాక్ష్యాలప్పుడు ఈ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంటాను, ఇవాళ మనుషుల ముందు అంటుందేమోనని."

మిగిలిన దుప్పట్లు మడిచారు. వెళ్లేటప్పుడు మెకానిక్కమ్మ గుమ్మంలో ఆగి ఏదో అనబోయింది. గంటమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"నాతో కాదు," అంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. భర్త ఏమైందని అడిగితే పని ఎక్కువైందని చెప్పింది. రేపు అంటానా, అనలేనా అన్న ఒక్క ప్రశ్నే బుర్రలో తిరిగింది. అంటే షాపుకి వచ్చే సగంమంది సంఘంవాళ్లే. అబద్ధపు సాక్షి చేతికి టీవీ ఎవరిస్తారు? అనకపోతే రేపు పదింటికి ఆ గదిలో ఒక కుర్చీ పెట్టె దగ్గరికి జరుగుతుంది. తనకది తెలుసు. ఇంకెప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

ఆదివారం పొద్దున తొందరగా వెళ్లింది. ముందు అలమరా దగ్గరికే వెళ్లింది. తలుపు బార్లా తెరిచి ఉంది. మిషన్ లేదు. అది కూర్చున్న చోట దుమ్ము లేని నలుచదరం, తెగిన తీగలు నాలుగు.

"నిన్న సాయంత్రమే సర్దేశామమ్మా," అన్నారు సెక్రటరీ గారు వెనక నుంచి. పాటల పుస్తకాలు పంచుతున్నారాయన. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడారు. "బరువు దిగింది. ఇంక మీరూ మర్చిపోండి."

నిజంగానే అందరికీ బరువు దిగినట్టుంది. జనం గోనెసంచుల మధ్య, టీవీల మధ్య సర్దుకుని కూర్చుంటూ గలగలా మాట్లాడుకుంటున్నారు. కీబోర్డు అమ్మాయి పాటకి శ్రుతి చూసుకుంటోంది. మెకానిక్కమ్మకి ఒక పాడు ఆలోచన వచ్చింది. గంటమ్మ ఇప్పుడు వినలేదు. వినలేని మనిషికి చెప్పీ ఏం లాభం? ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, దాన్ని చూసి ఆమెకే అసహ్యమేసింది.

రెండు పాటలయ్యాక పాస్టరు గారు, "సాక్ష్యం ఉన్నవాళ్లు రావచ్చు," అన్నారు.

లేచింది. వేదిక దాకా వెళ్లలేక బల్ల దగ్గరే, తను నాలుగు రోజులు పనిచేసిన చోటే నిలబడింది. సామాన్ల సేకరణ గురించి చెప్తుందనుకుని కొందరు నవ్వుమొహాలు పెట్టారు.

"రెండున్నరేళ్ల కిందట గంటమ్మక్క మీద నేను సాక్ష్యం చెప్పాను," అంది. "అది అబద్ధం. ఆమె తెర వెనక వినడం నేను చూడలేదు. మైనం గీకడం చూశాను. వింటోంది కదా అని అడిగితే ఆఁ అన్నాను. పెద్దలందరూ నా వైపే చూస్తున్నారు, కాదనడానికి నోరు రాలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు."

నవ్వుమొహాలు మాడిపోయాయి. సెక్రటరీ గారు లేచి, "అమ్మా, ఇప్పుడివన్నీ ఎందుకు? ఆమె వెళ్లాక మాటలు పొక్కడం ఆగిందా లేదా? అది చెప్పండి," అన్నారు.

"ఆగింది," అంది మెకానిక్కమ్మ. "ఏడో నంబరు పెట్టె ఆమె దగ్గరే ఉందండి. మీరు తీగ కోసేదాకా ఉంది. రెండేళ్లకి పైగా మనం ఈ మైకు కింద అన్న ప్రతి మాటా ఆమె విన్నది. మన ఇళ్లల్లో సంగతులు, ఒకరి గురించి ఒకరం అన్నవి, ఆమె గురించి మనం అన్నవి. అన్నీ విన్నది. మీరే చెప్పారు కదా, ఒక్క ముక్క కూడా బయటికి పోలేదని."

ఒక్కొక్కరి మొహంలో లెక్క మొదలైంది. ఫలానా రోజు ఏమన్నాను, ఎవరితో అన్నాను, ఎంత గట్టిగా అన్నాను. పెద్దల్లో ఒకాయన నెమ్మదిగా తల వంచుకున్నారు. ఆయన పక్కన ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు రోజులు దయ్యమని భయపడినదాని కంటే ఇది ఎక్కువ భయంగా ఉంది. దయ్యమైతే ఎవరినీ క్షమించనక్కర్లేదు, ఎవరి క్షమాపణా అడగనక్కర్లేదు.

పాస్టరు గారు వేదిక అంచుకి వచ్చి, "ఆమెని పిలుచుకు రావాలి. ఎవరు వెళ్తారు?" అన్నారు.

"ఇక్కడే ఉన్నానండీ," అని కిటికీలోంచి వినిపించింది.

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. వరండా వైపు కిటికీ చువ్వల వెనక గంటమ్మ నిలబడి ఉంది. లాండ్రీ చీరతోనే ఉంది. చంకలో గుడ్డ చుట్టిన పెట్టె.

"పొద్దుట్నుంచీ ఇది పలకలేదు," అంది. "పాటల టైమైనా పలకలేదు. గుడికేమన్నా అయిందేమోనని వచ్చాను."

మెకానిక్కమ్మ బెంచీలు దాటుకుని, టీవీలు దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కళ్లు మసకబారి చువ్వ ఎక్కడుందో తడుముకోవాల్సి వచ్చింది. "లోపలికి రా అక్కా," అంది.

గంటమ్మ ఆమె వేళ్లని ఒకసారి నొక్కి వదిలేసింది. లోపలికి మాత్రం రాలేదు.

"ఆ రోజు నా కాగితం మీద పంతొమ్మిదిమంది సంతకాలు పెట్టారు," అంది. గొంతు పెంచలేదు, పెంచక్కర్లేదు కూడా, హాలు అంత నిశ్శబ్దంగా ఉంది. "ఇప్పటికి ఒకరే అయ్యారు. మిగతావాళ్లవి కూడా విని వస్తాను. నాకు వినడం అలవాటే."

పాస్టరు గారు బైబిలు మూసి, వేదిక దిగి, ముందు బెంచీలో కూర్చున్నారు. కీబోర్డు అమ్మాయి మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎవరు ముందు లేస్తారా అని అందరూ అందరినీ చూశారు. చివరికి సెక్రటరీ గారే లేచారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకోలేదు. నేల వైపు చూస్తూ ఏదో అన్నారు. పక్కనున్నవాళ్లకి కూడా వినపడలేదు.

గంటమ్మ చువ్వకి చెవి ఆనించింది.

"కొంచెం గట్టిగా చెప్పండి మాస్టారూ," అంది. "వినపడటం లేదు."